కినుయే కిటికీ

నవంబరు చివర్లో మా ఊళ్ళో ఇళ్ళ కిటికీలన్నిటికీ బయటినుంచి చెక్కలు కొట్టేస్తారు, కప్పు మీంచి జారిపడే మంచుకు అద్దాలు పగలకుండా. ఇక మార్చి దాకా పట్టపగలే దీపాలు. తాతల నాటి పద్ధతి, ఎవరూ కాదనరు. కినుయే కాదంది.

మరిది షింపాచి నిచ్చెన తెచ్చి వంటింటి కిటికీకి ఆనించగానే అడ్డం నిలబడింది.

"దీని జోలికి రాకు."

"అద్దం పగిలితే వదినా?"

"ఊడ్చుకుంటాను. నువ్వు దిగు."

చెక్కలు అందిస్తున్న తోడికోడలు రిత్సు పకపకా నవ్వింది. "మంచులో పుట్టి మంచులో పెరిగి, అరవై ఎనిమిదేళ్ళకి చీకటంటే భయమట! ఊరంతా నవ్వుతారక్కా."

"నవ్వనీ. వాళ్ళ నోళ్ళకి కొట్టుకోండి చెక్కలు."

పోయిన జనవరిలో, చెక్కలు కొట్టిన చీకటింట్లో కినుయే గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, చచ్చిపోతున్నాననుకుంది. గుండె గుండ్రాయిలా ఉందమ్మా, ఇది ఉత్త భయం అన్నాడు డాక్టరు. దాంతో షింపాచి పట్టుబట్టాడు: ఇంకోసారి అలా అయితే ఇంటికి తాళం పెట్టి తమ దగ్గరికి వచ్చేయాలి. నలభై ఐదేళ్ళు కాపురం చేసి, మొగుడు పోయాక ఒక్కతే ఉంటున్న ఇల్లు! అక్కడికి పోతే రిత్సు పెట్టినప్పుడు తినాలి, దీపం ఆర్పినప్పుడు పడుకోవాలి. తలుచుకుంటేనే కినుయేకు ఒళ్ళు మండేది.

అందుకే చలికాలంతో తాడో పేడో తేల్చుకోవడానికి దిగింది. రోజూ పొద్దున్నే కిటికీ ముందు మంచు తవ్వేది. చేటంత వెలుగు పడితే చాలు. పొయ్యి మీద కెటిల్, పక్కన కమలా తొక్కలు కమ్మగా మాడుతుంటే, అడుగున కుంపటి ఉండే కొతాత్సు బల్ల దుప్పట్లో కాళ్ళు పెట్టుకుని, పొగపట్టించి ఊరేసిన ముల్లంగి కరకరలాడించేది.

అయినా జనవరిలో ఓ మధ్యాహ్నం వచ్చేసింది. అదే దడ, అదే తిమ్మిరి. ఫోను చేతికందేంత దూరంలోనే ఉంది. తీయలేదు. "వచ్చావా? కూర్చో, టీ పోస్తాను," అంది ఆ దడతోనే, పైకి. వేడి కప్పు రెండు చేతులా పట్టుకుని, ఎదురిళ్ళవాళ్ళని ఒక్కొక్కరినే పేరుపెట్టి తిట్టడం మొదలెట్టింది. ఏడో ఇంటికి వచ్చేసరికి వేళ్ళలోకి ప్రాణం వచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో రిత్సు ఓ గిన్నె కూర తెచ్చింది. ఇచ్చి పోవలసిన మనిషి కిటికీ దగ్గర కూలబడింది. టీ మూడుసార్లు పోసినా లేవదే!

"ఇంట్లో మొగుడు ఎదురుచూడడుటే?"

"నాకూ వస్తుందక్కా ఆ దడ," అంది రిత్సు, బయటికి చూస్తూనే. "సముద్రం ఒడ్డునుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చిన ఏడాదినుంచీ. ఆయనకి తెలీదు."

కినుయేకు కోపం ముంచుకొచ్చింది. "మరి నన్ను చూసి అంతలా నవ్వావెందుకే?"

"నవ్వకపోతే నేనూ అంతేనని తెలిసిపోదూ?"

కినుయే దుప్పటి అంచు లాగి రిత్సు మోకాళ్ళ మీద కప్పింది.

"రేపూ రా. ఎల్లుండీ రా. వాడు అడిగితే, అక్కకి మళ్ళీ దడ పట్టుకుంది, తోడుండాలని చెప్పు."

"తాళం పట్టుకుని వచ్చేస్తాడక్కా!"

"రానీ. మనిద్దర్నీ ఇక్కణ్ణుంచి ఎలా లేపుతాడో చూస్తాను."