సముద్రం దిక్కుకెళ్లి గాలి

మాఘమాసం, ఆదివారం ఉదయం, సూరత్ ఆల్థాన్‌లో మా బాల్కనీ. హాజరైనవారు: నేను, నా భార్య సుగుణ, తీగ మీద రెండు చీరలు. వాటిలో ఒకటి, ఇంకా నీళ్లు కారుతున్నది, ఎగిరివచ్చి నా ముఖానికి చల్లగా అతుక్కుంది. ముక్కు నిండా సబ్బు వాసన. "గాలి ఎటున్నదో చూసుకొని నిలవడరాదా?" అన్నది సుగుణ. ఎన్నో ఏళ్లుగా డైరీ రాస్తున్నవాణ్ని కనుక దీన్నీ రాసుకున్నాను. రాస్తుంటే వసుంధర మేడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. గాలి ఎటుందో తెలియనిదే ఆమెకు పూట గడిచేది కాదు.

ఉద్యోగం చివరి ఏళ్లలో నేను ఆమె దగ్గర నివేదికలు రాసేవాణ్ని. ఆమెది కాకినాడ. సూరత్‌లో చిన్న ఆఫీసు పెట్టి, బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఎంత కార్బన్ వదులుతున్నాయో ఉపగ్రహ సమాచారంతో లెక్కగట్టేవారు. నేలను తాకి పైకి మళ్లే ఎండలో కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగిందో ఉపగ్రహం పసిగడుతుందట. నాకు తల తిరిగింది. "ఏముంది నారాయణగారూ, భోజనం అయ్యాక మీ బరువులోంచి భోజనానికి ముందు బరువు తీసేయడమే," అన్నారామె. ప్లాంటు దాటిన గాలి భోజనం చేసినది, ప్లాంటును ఇంకా చేరని గాలి చేయనిది. ఏది ఏదో తెలియాలంటే గాలి ఎటు వీస్తోందో తెలియాలి. అది చెప్పడానికి సముద్రం ఒడ్డున ఉన్న ప్లాంటు దగ్గర మల్లేశ్‌ను పెట్టారు. సూరత్‌లోనే డిండోలిలో, తెలంగాణ నుంచి వలసొచ్చిన మరమగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఉపగ్రహం వచ్చే వేళకు ఫోన్లో చెప్పేవాడు, మేడం స్వయంగా విని రాసుకునేవారు.

మల్లేశ్ చేరిన కొత్తలో ఒకసారి ఆ ప్లాంటు లెక్క సున్నా కంటే కిందికి వచ్చింది. అంటే అది కార్బన్ వదలడం లేదు, పీలుస్తోంది. మేడం మూడుసార్లు చూశారు. కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి. చివరికి చిత్తుప్రతిగా పంపారు. ప్లాంటు మేనేజరు ఉబ్బితబ్బిబ్బై మా అందరినీ పిలిచి, నెయ్యి ఓడుతున్న ఘారీ మిఠాయి పెట్టించాడు, మా ప్లాంటు అడవే కదా అంటూ. "హమారా ప్లాంట్ తో జంగల్ హై, మేడం!" మా ఆఫీసు ఒప్పందం కొనసాగాలంటే ఆయనే సంతకం పెట్టాలి. కాగితం బల్ల మీదే ఉంది, కలం ఆయన చేతిలో ఉంది.

అప్పుడు మల్లేశ్ రొప్పుతూ వచ్చాడు.

"ఎక్కణ్ణుంచయ్యా ఇంత ఆలస్యం?" అన్నారు మేడం.

"డిండోలికెళ్లి వస్తున్న మేడం."

"మీ ఇల్లే డిండోలి కదా, మళ్లీ డిండోలి వెళ్లడమేంటి?"

"పోవుడేంది మేడం? ఇంటికెళ్లే సీదా వస్తున్న."

వాడు దిక్కుతోచక నా వైపు చూశాడు. "మేడం, మా తెలంగాణ వైపు 'కెళ్లి' అంటే 'నుంచి'. వెళ్లడం కాదు, రావడం," అన్నాను.

ఘారీ ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది. "అయితే 'సముద్రం దిక్కుకెళ్లి గాలి' అంటే..."

"సముద్రం నుంచి వస్తున్నట్టు."

"నేను సముద్రంలోకి పోతోందని రాశాను!"

భోజనం చేసిన గాలి, చేయని గాలి తారుమారయ్యాయి. మల్లేశ్ గొంతు తగ్గించాడు. "ఊకోండి మేడం, వాళ్లకు తెలుగు రాదు." మేడం ఘారీ పళ్లెంలో పెట్టి లేచి నిలబడ్డారు. ఆమె హిందీ కాకినాడ దాటి పెద్దగా ప్రయాణించలేదు. "సార్, గల్తీ మేరీ. ఉల్టీ హో గయీ!"

ఆమె అనబోయింది ఉల్టా, అంటే తారుమారు. ఉల్టీ అంటే వాంతి. మేనేజరు కంగారుగా "పానీ లావో!" అని కేకేసి, ఘారీని వాసన చూశాడు. ఆయనకు సంగతి బోధపరిచేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. "లెక్క మారితే సంతకం సంగతి కూడా ఆలోచించాలి," అన్నాడు హిందీలో. "ఆలోచించండి. ఆ అంకె మాత్రం వెనక్కివ్వండి," అన్నారు మేడం. పళ్లేలు కూడా వెనక్కి వెళ్లిపోయాయి.

తిరిగి వస్తుంటే ఆటోలో మేడం అన్నారు: "ఆ అంకె నాకు నచ్చింది నారాయణగారూ. అందుకే కూడికలే చూశాను, ఎవరి మాట విని రాశానో వాణ్ని మళ్లీ అడగలేదు." అప్పటినుంచి మంచి కబురు వింటే నాకు కుదురుండదు. మొన్న డాక్టరు షుగరు తగ్గిందంటే, ఎవరి చీటీ చూశారు బాబూ అని అడిగాను. నాది కాదట.

ప్లాంటు నుంచి తిరిగొచ్చిన మర్నాడు ఉదయం మేనేజరు ఫోన్ చేశాడు. బొగ్గు కాల్చే ప్లాంటు అడవి ఎలా అయిందని పైవాళ్లు అప్పటికే నిలదీశారట. తప్పు దొరికింది, దిద్దుతున్నామని చెప్పి ఊపిరి పీల్చుకున్నాడట. "సరైన లెక్క తెండి మేడం, సంతకం పెడతాను." ఉపగ్రహం మళ్లీ వచ్చే వేళైంది, మేడం వెంటనే మల్లేశ్‌కు ఫోన్ కలిపారు. అవతల గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ తర్వాత బడిపిల్లవాడు పద్యం అప్పజెప్పినట్టు: "మేడం, వాయువు సముద్రము నుండి భూమి వైపునకు వీచుచున్నది."

"అదేం భాషయ్యా?"

"మీకు సమజ్ కావాలని, మేడం."

"నీ భాషలోనే చెప్పు. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను," అన్నారు మేడం, కలం తెరుస్తూ.