ఒకదాంట్లో ఒకటి పెట్టిన గంజులు

2022 ఫిబ్రవరి, గురువారం మధ్యాహ్నం. సూర్యాపేటలో అదనపు సెషన్స్ జడ్జిగా నాకది రెండో ఏడు. కోర్టు హాల్లో ఉన్నవారు, డైరీలో రాసుకున్న వరుసలోనే: ప్రభుత్వం తరఫున అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటర్ రాంమోహన్ గారు, అప్పీలుదారు తరఫున కోదాడ నుంచి వచ్చిన న్యాయవాది సుజాత గారు, మిర్యాలగూడలో పెళ్లి వంటల మేస్త్రీ అయిన అప్పీలుదారు సైదులు, వెనక బెంచీలో ఫిర్యాదుదారు, కోదాడ టెంట్ హౌస్ యజమాని కోటేశ్వరరావు, బెంచి గుమాస్తా, అటెండరు, డ్యూటీ కానిస్టేబులు. నేల మీద, ఒకదాంట్లో ఒకటి పెట్టిన మూడు పెద్ద అల్యూమినియం గంజులు.

కేసు చిన్నదే. కోటేశ్వరరావు గోదాం తాళం పగలగొట్టి ఎవరో వంట గంజులు ఎత్తుకుపోయారు. కొద్ది రోజుల తర్వాత బైపాస్ దగ్గర పోలీసులు వాహనాలు తనిఖీ చేస్తుంటే ట్రాలీ ఆటోలో సైదులు వచ్చాడు. పోలీసులను చూడగానే ఆటో వదిలేసి పారిపోయాడని, కానిస్టేబుళ్లు చాలా దూరం తరిమి పట్టుకున్నారని, నేరం ఒప్పుకున్నాడని అభియోగపత్రం. దొంగతనం కేసుల్లో ఈ 'చూసి పారిపోవడం' ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఊర్లు మారేవి, పేర్లు మారేవి, పరుగు మాత్రం మారేది కాదు.

గంజులు తనవేనని సైదులు మొదటినుంచీ అంటున్నాడు. కింది కోర్టు నమ్మలేదు, ఏడాది జైలు వేసింది. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిలిచ్చారు. ఓడితే నా కోర్టు నుంచి నేరుగా జైలుకే. గెలవకపోతే జైలు తర్వాత కూడా బతుకు కష్టం. దొంగ అని ముద్ర పడినవాణ్ణి పెళ్లివారు వంటింట్లోకి రానివ్వరు.

మా కోర్టు హాలు మేడ మీద ఉండేది. సైదులు భారీ మనిషి. మెట్ల కడ్డీ పట్టుకుని, మధ్యలో ఆగి ఆగి, పైకొచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. సుజాత గారు ఆ అవకాశం వదలలేదు.

"సార్, ఈ మనిషి పరుగెత్తితే ఇద్దరు కానిస్టేబుళ్లు తరమాల్సి వచ్చిందట. ఒకసారి చూడండి."

రాంమోహన్ గారు లేచారు. "మనిషి బరువు ఎగ్జిబిటు కాదు సార్. కింది కోర్టుల కానిస్టేబుల్ని ఈ ముచ్చట ఒక్కమాటన్న అడిగిండ్రా?"

హాల్లో నవ్వులు. నేనూ నవ్వు ఆపుకున్నాను. కానీ రాంమోహన్ గారన్నది నిజం. అప్పీలులో సాక్షులు మళ్లీ రారు. కింది కోర్టులో వాళ్లు చెప్పిన సాక్ష్యం, అక్కడ గుర్తు వేసిన కాగితాలు, వస్తువులు, ఇంతే మా ముందుంటాయి. దాన్నే రికార్డు అంటాం. సైదులు ఆయాసం రికార్డులో లేదు.

రికార్డులో ఉన్నది చూద్దామన్నాను. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు, కాబట్టి అది పోయింది. గంజులు పట్టుకున్నప్పటి పంచనామా మీద సంతకం చేసిన ఇద్దరిలో ఒకడు, స్టేషన్‌కు చాయ్ ఇవ్వడానికి పోతే సంతకం పెట్టమన్నారని చెప్పి ఎదురు తిరిగాడు. రెండోవాడు సాక్ష్యానికే రాలేదు. మిగిలినవి గంజులు. దొంగసొత్తు కొద్ది రోజుల్లోనే ఒకడి దగ్గర దొరికితే అతనే దొంగ అనుకోవచ్చని చట్టం అంటుంది. అయితే ముందు అది దొంగసొత్తేనని రుజువు కావాలి. వంట మేస్త్రీ ఆటోలో గంజులు ఉండటం వింతేమీ కాదు కదా.

కోటేశ్వరరావు కింది కోర్టులో చెప్పిన సాక్ష్యం సుజాత గారు చదివారు. తన వ్యాపారం గురించి ఆయన గొప్పగానే చెప్పుకున్నాడు: "మా టెంట్ హౌస్‌లో గరిటె దగ్గర్నుంచి గంజు దాకా పేరు కొట్టించనిది బయటికి పోదు." ఆ తర్వాతి వాక్యం: "కోర్టులో ఉన్నవి నా గంజులే."

ఆ గుర్తింపు ఎలా జరిగిందో నాకు తెలుసు. ప్రాపర్టీ గదిలో చోటు తక్కువ. గంజులను ఒకదాంట్లో ఒకటి పెట్టి మూల పడేస్తారు. సాక్ష్యం రోజున ఆ దొంతినే అటెండరు మోసుకొచ్చి బల్ల పక్కన పెడతాడు. సాక్షి బోనులోంచి వేలు చూపిస్తాడు. మూడింటికీ నంబర్లు పడతాయి. పైదొక్కటే కనిపిస్తుంది, అది కూడా మసితో.

"విడదీయండి" అన్నాను.

అవి ఒకపట్టాన రాలేదు. అటెండరు పైది పట్టుకుని లాగితే కానిస్టేబులు కిందది కాళ్ల మధ్య అదిమి పట్టాడు. ఊడొచ్చినప్పుడు గుడి గంట మోగినట్టు మోగింది. పక్క హాలు గుమాస్తా తొంగిచూసి వెళ్లాడు. తడిగుడ్డతో మసి తుడిపించి, ఇద్దరు న్యాయవాదుల ఎదుట అంచులు, అడుగులు, చెవులు తిప్పి తిప్పి చూశాం. పేరు లేదు. ఒక్కదాని మీదా లేదు.

"చెరిపేసి ఉంటడు సార్" అన్నారు రాంమోహన్ గారు.

"ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు సార్. చెరిపితే గీతలైనా ఉండాలి కదా" అన్నారు సుజాత గారు.

గీతలు కూడా లేవు. చెరిపినట్టు పోలీసు సాక్షులెవరూ చెప్పలేదు.

ఇంతలో వెనక బెంచీ నుంచి కోటేశ్వరరావు లేచాడు. "ఇవి నావి కాదండి. మాకు అంచు మీద పేరుంటదండి."

"మీరిప్పుడు సాక్షి కాదు. మీ మాట నేను రాసుకోలేను. కూర్చోండి."

"కూర్చుంటానండి. మరి నా గంజులు ఎక్కడున్నాయండి?"

రాంమోహన్ గారు ఫ్యాను కేసి చూశారు.

తీర్పు రేపు పొద్దున అన్నాను. సైదులు చేతులు జోడించాడు. "సార్, రేపు చివ్వెంలల పెండ్లి వంట పట్టిన. నేనే వోవాల్నా, వేరేటోనికి అప్పజెప్పాల్నా, జర చెప్తే..."

"కోర్టు టైముకు రా" అన్నాను. అంతకంటే చెప్పడానికి లేదు.

సాయంత్రం ఛాంబర్లో తీర్పు చెప్పి రాయించాను. ఒకచోట, 'ఈ అప్పీలుదారు శరీరం చూస్తేనే పరుగు కథ నమ్మశక్యంగా లేదు' అని వచ్చింది. వాక్యం బాగానే ఉందనిపించింది. కాసేపాగి, రికార్డులో లేదు కదా అని కొట్టేయించాను. పేరు కొట్టించనిది బయటికి పోదన్న సాక్ష్యం, పేరు లేని గంజులు, నిలబడని పంచనామా, ఇవే మిగిలాయి. అవి చాలు.

మర్నాడు ఉదయం తీర్పు చదివాను. నేరం సహేతుకమైన అనుమానానికి అతీతంగా రుజువు కాలేదు, ఆ అనుమానపు లాభం అప్పీలుదారుకే, శిక్ష రద్దు, అప్పీలు గడువు తీరాక గంజులు అతనికే. సైదులుకు ఇంత వివరం అక్కర్లేదు.

"అంటే పోవచ్చా సార్?"

"పోవచ్చు."

కింద గేటు దగ్గర అతని ఆటో బియ్యం బస్తాలతో, డ్రైవరుతో సిద్ధంగా ఉంది. మెట్లు దిగిన చప్పుడు పైదాకా వినిపించింది. రాంమోహన్ గారు కిటికీ దగ్గరికి పోయి, నావైపు తిరిగారు.

"సార్, జర వచ్చి సూడుండ్రి."

సైదులు ఆవరణకు అడ్డంగా ఉరుకుతున్నాడు. తువ్వాలు భుజం మీద ఎగురుతోంది. ఆటో కదులుతుండగానే పట్టుకుని ఎక్కేశాడు.

"మా కానిస్టేబుల్ అబద్ధం చెప్పలే సార్" అన్నారు రాంమోహన్ గారు. ఇద్దరం నవ్వుకున్నాం.

తీర్పు తప్పనిపించలేదు. అతను పరుగెత్తగలడు, ఆ రోజు పరుగెత్తే ఉండొచ్చు కూడా. అయినా ఆ గంజులు కోటేశ్వరరావువని రుజువు కాలేదు. కొట్టేయించిన వాక్యం ఉండిపోయి ఉంటే మాత్రం, నా సంతకం కింద ఒక తప్పు శాశ్వతంగా ఉండేది. జడ్జి కంటికి తోచిన అనుమానం వేరు, సాక్ష్యంలోంచి వచ్చిన అనుమానం వేరు. రెండోదానికే లాభం ఇవ్వాలి.

గంజులను తిరిగి ప్రాపర్టీ గదికి పంపాం. ఈసారి విడివిడిగా పెట్టించాను.