శాక్సఫోన్ దారి తప్పినప్పుడు

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కీబోర్డు వాయించేవాళ్ళకు ఒకటే నియమం. పాడేవాళ్ళు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్ళాలి. ఆదివారం మధ్యాహ్నాలు సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో ఒక అద్దె హాల్లో కూడుకుంటాం. పాట ఎత్తేది మా అమ్మ. ఏ శ్రుతిలో ఎత్తుతుందో ఎత్తేదాకా ఆమెకే తెలియదు. రెండో చరణం రావాల్సిన చోట నాలుగోది అందుకుంటుంది. మనసు నిండితే పల్లవి ఆరుసార్లు పాడిస్తుంది. షిప్‌యార్డు నుంచి వచ్చే అన్నలు చప్పట్లతో వేగం పెంచేస్తారు. వాళ్ళందరినీ వేళ్ళతో వెతికి పట్టుకోవడమే నా పని. పదేళ్ళ వయసు నుంచి అదే చేశాను. దాన్ని పరిచర్య అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

కాలేజీలో జాజ్ బృందంలో చేరింది పియానో మీద ఇష్టంతో. నలుగురం: డ్రమ్స్, బేస్, శాక్సఫోన్, పియానో. నేర్పే సర్ ఒకప్పుడు హోటళ్ళలో డ్రమ్స్ వాయించిన మనిషి. మేం మొదట నేర్చుకున్న పాట ముప్పై రెండు బార్లు. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది, ఒక్కోదానికి నాలుగు లెక్కలు. ముందు అందరం కలిసి పాట వాయిస్తాం. తర్వాత ఒక్కొక్కరూ ఆ ముప్పై రెండు బార్ల మీదే అప్పటికప్పుడు సొంతంగా అల్లుకుంటూ పోతారు. మిగిలినవాళ్ళు కింద అవే కార్డ్స్, అంటే కలిపి పలికే స్వరాల గుత్తులు, వాయిస్తూ, చివరికి రాగానే మళ్ళీ మొదటికి వస్తుంటారు.

శాక్సఫోన్ అతను చైనీస్ కుర్రాడు, నా క్లాసే. మాట తక్కువ, ఊపిరి మాత్రం ఎంత తీయగా ఉండేదో! కళ్ళు మూసుకుని వాయిస్తాడు, లెక్క మరిచిపోతాడు. ఒక బుధవారం రిహార్సల్‌లో అలాగే ఎనిమిది బార్లు దాటేశాడు. నాకు వెంటనే వినిపించింది. నా వేళ్ళు ఒక్క గెంతులో పాటలో అతనున్న చోటికి చేరాయి. బేస్, డ్రమ్స్ ఉన్నచోటే ఉన్నాయి. అతనికి రెండు పాటలు ఒకేసారి వినిపించి, అంతా కూలిపోయింది.

"ఎవరు కదిలారు?" అన్నారు సర్.

"నేనే సర్."

"ఎందుకు?"

"అతను అక్కడున్నాడు కదా."

బేస్ వాయించే అమ్మాయి పకపకా నవ్వింది. "నువ్వేమైనా టాక్సీ డ్రైవర్‌వా? ఎక్కడుంటే అక్కడికి పికప్‌కి వెళ్ళడానికి?"

మర్నాడూ కదిలాను, ఆ మర్నాడూ కదిలాను. సర్ నన్ను పక్కకు పిలిచారు. "కచేరీకి రెండు వారాలుంది. ఇంకొక్కసారి కదిలితే వేరే పియానిస్టుని పిలుస్తాను. కోపంతో కాదు లా. ఆ పాట నలుగురిదీ," అన్నారు, ఇక్కడివాళ్ళ మాట చివర తగిలే ఆ "లా"తో.

నా కష్టం ఆయనకు చెప్పలేకపోయాను. మందనంతా వదిలి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి వెళ్తాడని పసితనం నుంచి విన్నదాన్ని. మనిషి తప్పిపోతుంటే ఉన్నచోటే ఎలా కూర్చోను? నా వేళ్ళు కదలకుండా చూడు ప్రభువా అని ప్రార్థన చేశాను. అలాంటి ప్రార్థన చేసినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాను.

జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్‌లో అమ్మ క్యాబేజీ తరుగుతుంటే అంతా చెప్పాను.

"నేను తప్పితే విసుక్కుంటావుగా, అతని మీద ఏమిటే అంత జాలి?" అంది.

"విసుక్కున్నా నీ వెనకాలే వస్తున్నాగా!"

"వస్తావని తెలుసు కాబట్టే నేను లెక్క చూసుకోను," అని నవ్వింది. తర్వాత కత్తి ఆపింది. "బైబిల్లో ఇల్లు విడిచిపోయిన చిన్నకొడుకు సంగతి చెప్పుకుంటాం కదా. వాళ్ళ నాన్న ఊళ్ళమ్మట వెతికాడా?"

"లేదు. ఇంటి దగ్గరే ఎదురుచూశాడు."

"ఆయన కూడా ఎటో వెళ్ళిపోయుంటే, ఆ పిల్లాడు తిరిగొచ్చి ఎవరి తలుపు తట్టాలి?"

ఆ కథ మీద వర్తమానం, అదే ప్రసంగం, ఎన్నిసార్లు విన్నానో. తండ్రి పరుగెత్తి కౌగిలించుకోవడం, విందు చేయడం ఇవే నాకు గుర్తు. కదలకుండా ఉండటంలో కూడా ప్రేమ ఉందని ఎప్పుడూ తోచలేదు.

మర్నాడు శాక్సఫోన్ అతన్ని అడిగాను. "నా కోసం రోజూ కాస్త తప్పిపోతావా?"

"అందుకు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు లా, మామూలుగా వాయిస్తే చాలు," అన్నాడు.

రెండు వారాలు మధ్యాహ్నం ఖాళీల్లో ఇద్దరం కూర్చున్నాం. నేను బార్లు పైకి లెక్కపెడుతూ వాయించేదాన్ని. మొదటి నాలుగు రోజులూ అతని వెనక పరుగెత్తాను. తర్వాత తగ్గింది, పూర్తిగా పోలేదు.

కచేరీ కాలేజీ క్యాంటీన్‌లో, భోజనాల వేళ. పళ్ళేల చప్పుడు, టేబుళ్ళ మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి సీట్లు ముందే పట్టి "చోప్" చేసుకునేవాళ్ళ హడావిడి. అతని వంతు వచ్చింది. మొదటి చుట్టు బాగా వెళ్ళింది. రెండో చుట్టులో కళ్ళు మూశాడు, బార్లు దాటేశాడు. నా ఎడమచెయ్యి దానంతటదే లేచింది. తిరిగి ఉన్నచోటే దించాను.

చుట్టు చివర మొదటికి తెచ్చే రెండు కార్డ్స్ ఉంటాయి. వాటి స్వరాలను విడివిడిగా, స్పష్టంగా, దూరంగా ఉన్నవాడికి కూడా వినపడేలా వాయించాను. అతనికి అందలేదు. స్వరాలు పలచబడ్డాయి. శాక్సఫోన్ నోటి నుంచి తీసి, కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. ఆ చూపు చూస్తూ కదలకుండా ఉండటం కంటే కష్టమైన పని నేను అంతవరకూ చేయలేదు. ఆ చుట్టు మిగతా సగం అలాగే నిలబడ్డాడు. ఏ అలంకారమూ లేకుండా కార్డ్స్ మాత్రం వాయించాను. అతని పెదవులు లెక్కపెట్టడం కనిపించింది. మళ్ళీ మొదటి కార్డ్ పడగానే గాలి పీల్చి, ఒక లెక్క ఆలస్యంగా, సరిగ్గా మా మధ్యకు వచ్చాడు. అది కావాలని ఇచ్చిన విరామం అనుకున్నారేమో, క్యాంటీన్‌లో ఎవరో చప్పట్లు కొట్టారు.

అయిపోయాక సర్ మెచ్చుకోలేదు. తర్వాతి కచేరీ పాట కాగితాలు పంచుతూ పియానోది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. అయినా సంతోషం పూర్తిగా రాలేదు. స్టేజి మెట్ల మీద అతను శాక్సఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. పాట అయిపోయింది కదా, ఇక కదలొచ్చు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నన్ను చూశావు, అయినా రాలేదు," అన్నాడు.

"చూశాను. రాలేదు."

"మీరంతా వెళ్ళిపోయారనుకున్నా," అని మూతి తుడుచుకున్నాడు. "కళ్ళు తెరిస్తే అక్కడే ఉన్నారు."