కోతితో వరస కలిపిన మా నాయన

మా నాయనకు ఒక పిచ్చి ఉండేది. కొత్త మనిషి కనబడితే వరస కలపకుండా వదిలేవాడు కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణీ, ఆసుపత్రి క్యూలో ముందు నిలబడినవాణ్ణీ, ఆఖరికి గ్యాస్ సిలిండర్ దించడానికి వచ్చినవాణ్ణీ కూర్చోబెట్టి మొదలుపెట్టేవాడు. మీది చిత్తూరు పక్క ఏ ఊరు, మీ తాత ఎవరి అల్లుడు, మీ అవ్వ ఏ ఇంటి ఆడబిడ్డ. ఇద్దరూ చెరో వైపు నుంచీ పైకి పోతూ ఉంటే ఎక్కడో ఒక చోట ఒక ముత్తాతో ముత్తవ్వో ఇద్దరికీ ఉమ్మడిగా తగిలేది. ఇక నాయన మొహం చూడాలి. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా కిందికి దిగి, అయితే నువ్వు నాకు బావవుతావు అని తేల్చేసేవాడు. సిలిండర్ మోసుకొచ్చిన బావకు కాఫీ పెట్టే పని నాది.

మా ఊరి బంగారు మైన్లు మూసేశాక ఈ పిచ్చి ముదిరింది. జన్మంతా అండర్‌గ్రౌండులో పనిచేసిన మనిషి, పగటిపూట ఇంట్లో ఏం చేయాలో ఆయనకు తెలియదు. మా కోరమండల్ లైన్లలో, అంటే మైను కూలీల ఇళ్ళ వరసల్లో, వయసులో ఉన్నవాళ్ళంతా తెల్లారకముందే బెంగళూరు రైలెక్కి పోయేవాళ్ళు. పగలంతా మిగిలేది నాయన లాంటి వాళ్ళూ, కోళ్ళూ, మేకలూ. అమ్మ పోయినాక ఇంట్లో మేమిద్దరమే. నేను తమక ఊళ్ళో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, ఆ రోజు ఎవరు మనకు ఏమవుతారని తేలిందో నాకు అప్పజెప్పేవాడు. నేను ఊ కొడుతూ పప్పుకు ఎసరు పెట్టేదాన్ని.

ఒక ఆదివారం పదో తరగతికి పరిణామం పాఠం చెప్పాల్సి ఉండి, వసారాలో కూర్చుని చార్టు గీసుకుంటున్నాను. నాయన ఎదురుగా కోడి ఈకలు పీకుతున్నాడు. చార్టు వైపు ఒక చూపు చూసి, "మనిషి కోతికి పుట్టినాడని చెప్తారంట గదమ్మా మీ బళ్ళో" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు ఏటా తప్పదు. పిల్లలు అడుగుతారు, పిల్లల తల్లులు అడుగుతారు, ఒకసారి మా హెడ్మాస్టరే అడిగాడు. వినీ వినీ నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ రోజు మాత్రం కోపం రాలేదు, ఎందుకంటే అడిగిన మనిషికి చెప్పే దారి నాకు కనబడింది. నువ్వు సిలిండర్ వాడితో ఏం చేస్తావో ఇదీ అదే నాయనా అన్నాను. మనం ఇటు నుంచి పైకి పోతాం, కోతి అటు నుంచి పైకి పోతుంది. చాలా పైన ఇద్దరికీ ఒకే అవ్వ తగులుతుంది. ఆ అవ్వ మనిషీ కాదు, కోతీ కాదు. ఆమె సంతానంలో కొందరు ఇటు వచ్చారు, కొందరు అటు పోయారు.

నాయన ఈకలు పీకడం ఆపేశాడు. మేక సంగతేంది అన్నాడు. దానితో కలవాలంటే ఇంకా పైకి పోవాలన్నాను. చేతిలో కోడిని ఎత్తి చూపించాడు. దానికి ఇంకా చాలా పైకి పోవాలి, అక్కడ తగిలే అవ్వ చూడడానికి బల్లిలా ఉంటుందన్నాను. గోడ మీద బల్లిని చూసుకున్నాడు. ఆ తర్వాత బేతమంగళం చెరువులో చేప, ఆ తర్వాత వానపాము, ఆ తర్వాత వేపచెట్టు. దేనికి దానికి ఇంకా పైన, ఇంకా పైన అంటూ పోయాను. చివరికి అందరమూ ఒక్క ఇంట్లోనే తేలుతామని చెప్పినప్పుడు ఆయన మొహం, సిలిండర్ వాడి ముత్తాత దొరికిన రోజు కంటే ఎక్కువ వెలిగింది. ముప్పై మంది పిల్లలకు చెబితే ఒక్కడి కళ్ళలో కనబడని వెలుగు అది. నాకు గర్వంగా అనిపించింది.

అక్కడితో ఆగితే మా నాయన ఎందుకవుతాడు. కోతీ మనమూ అన్నదమ్ముల సంతానమా, అక్కాతమ్ముళ్ళ సంతానమా అని అడిగాడు. అది చెప్పడానికి వీల్లేదన్నాను. నా చదువు మీద ఆయనకున్న గౌరవం ఆ క్షణంలో సగానికి పడిపోయింది. అన్నదమ్ముల బిడ్డలైతే అన్నా అనాలి, అక్కాతమ్ముళ్ళ బిడ్డలైతే బావా అనాలి, ఆ ముక్క తేల్చకుండా వరస కలిసిందని ఎట్లా చెబుతావని నన్ను తగులుకున్నాడు. కాసేపు ఆలోచించి తనే తీర్పు చెప్పాడు. కోతులకు మనం పిల్లను ఇచ్చిందీ లేదు, తెచ్చుకున్నదీ లేదు. కాబట్టి అవి దాయాదులే, సందేహం లేదు. తీర్పు చెప్పాక ఇంకో చిక్కు వచ్చింది. దాయాది చనిపోతే మైల పట్టాలి కదా. చేతిలో కోడిని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ లెక్కన పుట్టినప్పటి నుంచీ తను మైలలోనే ఉన్నాడని తేల్చాడు. నేను చార్టు మీద రంగు ఒలకబోసేంత నవ్వాను. మధ్యాహ్నం కూర మాత్రం ఇద్దరమూ బాగానే తిన్నాం.

తింటూ తింటూ మళ్ళీ అందుకున్నాడు. కోతులది పెద్దోళ్ళ ఇల్లు, ఉన్నచోటే చెట్టు మీద ఉండిపోయాయి, వదిలి వచ్చింది మనమే అన్నాడు. కాదన్నాను. విడిపోయినాక రెండు వైపులా మారతాయి, ఆ అవ్వ ఉన్నట్టు ఇప్పుడు ఎవరూ లేరు, కోతీ లేదు, మనమూ లేము.

"అదెట్లా. ఒకడు ఉండే తావునే ఉంటాడు, ఇంగొకడు ఇడిసిపెట్టి పోతాడు. నాకు తెలీదా" అన్నాడు.

గొంతు మారింది. ఇప్పుడు మాట కోతి గురించి కాదని నాకు అర్థమైంది.

నాయనకు ఒక అన్న ఉన్నాడు. మా ఇంటికి రెండు లైన్ల అవతలే ఇల్లు. ఇద్దరూ మైన్లో ఒకే లెవెల్లో, ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు. పెద్దనాయన క్రైస్తవుల అమ్మాయిని చేసుకుని చర్చిలో చేరాడు. దానికి నాయన ఏమీ అనలేదు, పెళ్ళిలో వడ్డించాడు కూడా. మైన్లు మూసిన మరుసటి ఏడు మా అవ్వ చనిపోయింది. పెద్దకొడుకుగా కర్మ చేయాల్సింది పెద్దనాయన. ఆయన ప్రార్థన చేస్తాను, పిండం పెట్టను అన్నాడు. ఆ పని నాయన చేశాడు. పదకొండో రోజున బంధువులందరి ముందు తనకు అన్న లేడన్నాడు. ఆ తర్వాత పెద్దమ్మ చనిపోయినప్పుడూ మైల పట్టలేదు. మా అమ్మ పోయినప్పుడు పెద్దనాయన వచ్చి వీధి చివర కొళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నాయన అటు చూడలేదు. ఊళ్ళో ఎవరితో వరస కలిపినా, దారి ఆ ఇంటి మీదుగా పోతుందంటే ఇంకో దారి వెతికేవాడు. చుట్టు తిరిగైనా పోయేవాడు గానీ ఆ గుమ్మం తొక్కేవాడు కాదు. నాకు ఆ మొండితనం మీద ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది.

ఆ వారంలోనే పెద్దనాయన కూతురు, మా అక్క, బస్టాండులో నా కోసం కాచుకుని ఉంది. మైన్ దుమ్ము పెద్దనాయన ఊపిరితిత్తుల్ని తినేసిందనీ, పడుకుంటే ఊపిరి ఆడక రాత్రింబవళ్ళు కూర్చునే ఉంటున్నాడనీ, ఇంక ఎక్కువ కాలం లేదని డాక్టర్లు చెప్పారనీ అంది. తమ్ముడు వస్తాడా అని రోజూ అడుగుతున్నాడట. మరి కబురు పంపొచ్చు కదా అంటే, పెద్దవాణ్ణి నేనెట్లా పిలుస్తాను అంటాడట. ఇక్కడ మా నాయనేమో పిలవని ఇంటికి నేనెట్లా పోతాను అనే రకం. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంటికి వచ్చి చెప్పాను. నాయన కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. మూడు నాలుగు రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఇంటికి ఎవరు వచ్చినా మీది ఏ ఊరని కూడా అడగలేదు. ఆయన వెళ్ళకముందే పెద్దనాయన పోతాడేమో, పోతే ఆ తర్వాత ఈ మనిషి ఎట్లా బతుకుతాడో అని నాకు భయం పట్టుకుంది.

తర్వాతి ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆ పొద్దు చెప్తివే, ఒక అవ్వ బిడ్డలు ఇడిపోయినారని. ఇడిపోయినోళ్ళు మళ్ళా కలిసేది ఉండాదా?"

కలుస్తారని చెప్పేస్తే పని అయిపోతుంది. కానీ కోతీ మనిషీ కలవవు, అది ఆయనకూ తెలుసు. అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తాడు. అందుకని ఉన్నదే చెప్పాను. మరీ దూరం పోయినవాళ్ళు కలవలేరు. కొత్తగా విడిపోయినవాళ్ళయితే కలుస్తారు, వాళ్ళ ఒంట్లో దానికి అడ్డం ఏమీ ఉండదు.

"కొత్తగా అంటే ఎంత?"

"వెయ్యేండ్లయినా కొత్తే నాయనా. పదివేల ఏండ్లయినా కొత్తే."

నాయన తడిచీర రెండో కొస పట్టుకుని నాతో పాటు తీగ మీద వేశాడు. తర్వాత లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తలుపుకు తాళం వెయ్యమన్నాడు.

రెండు లైన్లు దాటడానికి ఎంతసేపు పడుతుంది. ఆయన మాత్రం రెండు చోట్ల ఆగాడు. బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద నుంచి గాలి లేచి కళ్ళలో దుమ్ము కొడుతోంది. కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ముకే అనుకున్నాను.

పెద్దనాయన మంచం మీద కూర్చుని, ముందున్న దిండు మీదికి వంగి ఉన్నాడు. ఒక్కో ఊపిరికీ భుజాలు లేచి పడుతున్నాయి. తల ఎత్తి చూశాడు. నాయన గడప దగ్గరే నిలబడ్డాడు. వెనక్కి తిరుగుతాడేమోనని నేను చెయ్యి పట్టుకోబోయాను.

నాయన చెప్పులు విడిచి మంచమెక్కాడు. అన్న వెనక్కి పోయి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆయన్ని రెండు చేతులా పట్టి వెనక్కి లాక్కుని తన రొమ్ము మీద ఆనించుకున్నాడు. మైన్లో పేలుడు పొగ మింగినవాణ్ణి పైకి తెచ్చేదాకా ఇట్లాగే పట్టుకునేవాళ్ళట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇద్దరు ముసలాళ్ళు ఒక మంచం మీద ఊపిరి పీలుస్తూ వదులుతూ కనబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. అక్క అప్పటికే ఏడుస్తోంది.

కాస్త ఊపిరి కుదిరాక పెద్దనాయన నోరు తెరిచాడు. "మ్మా... కాఫీ పెట్టు... మీ చిన్నాయనకు."

అక్క కాఫీ తెచ్చేసరికి ఆయన నిద్రపోయాడు. నెలరోజులుగా ఆయన ఇట్లా ఆనుకుని నిద్రపోవడం చూడలేదంది. కాఫీ చల్లారిపోయింది. ఎండ గడప దాటి బయటికి పోయింది. నాయన కదల్లేదు. దగ్గరికి పోయి, కాళ్ళు తిమ్మిరెక్కలేదా, కాసేపు నేను పట్టుకుంటానని మెల్లగా అన్నాను.

"ఎక్కినాయి. కదిలితే లేస్తాడు, నువ్వు పో" అన్నాడు.