పొట్టక్క భుజం, సర్కారు రైఫిలు

నాలుగు కిలోల చిల్లర బరువున్న రైఫిలును భుజాన వేసుకుని ఎనిమిది గంటలు నడవడం గురించి రాసినవాళ్లలో నడిచినవాళ్లు తక్కువ. అందుకే ఆ రాతల్లో కర్తవ్యం ఉంటుంది, క్రమశిక్షణ ఉంటుంది, మెడ కింది ఎముక మాత్రం ఉండదు. పొట్టక్కకు ఆ ఎముక ఉంది. కుడివైపుది. ఏడేళ్లుగా తోలు పట్టీ ఒరుసుకుని దాని మీద చర్మం కాయకట్టింది.

ఆమె ఆనకట్ట మీద కాపలాదారు. రెండు కిలోమీటర్ల గోడ. ఒకపక్క నీళ్లు, ఒకపక్క లోయ, మధ్యలో ఆమె. ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు కావడంతో చేరిన వారంలోనే తోటివాళ్లు ఆ పేరు పెట్టేశారు. ఆమె ఏమీ ఉడుక్కోలేదు. "పొట్టిదాన్ని పొట్టిదంటే నాకేం నొప్పి? నా వాటా గోడ నేను నడుస్తున్నానా లేదా, అది చూడండి" అనేది.

దీనికి ముందు పదేళ్లు మేడలు కట్టేచోట ఇటుకలు మోసింది. తల మీద పన్నెండు ఇటుకలతో మూడో అంతస్తు దాకా నిచ్చెన ఎక్కిన మనిషి. అందుకే "పాపం, ఆడమనిషికి రైఫిలు బరువే" అని ఎవరైనా జాలిపడితే ఆమెకు నవ్వొచ్చేది. బరువు ఎంతుందన్నది కాదు, ఎక్కడుందన్నదే అసలు సంగతని ఆమె మెడకు ఎప్పుడో తెలుసు. నడినెత్తిన పన్నెండు ఇటుకలతో నడవొచ్చు. చాచిన చేతిలో ఒక్క ఇటుక పెట్టుకుని పది అడుగులు వేసి చూడండి.

కాబట్టి మోయడంలో ఆమెకు పేచీ లేదు. పట్టీని రెండు రంధ్రాలు బిగించి, రైఫిలు వీపును అంటిపెట్టుకునేలా చేసుకుంది. వదులుగా వేలాడితే అడుగడుక్కీ తుంటికి కొట్టుకుంటుంది, సాయంత్రానికి నాలుగు కిలోలు ఎనిమిదవుతాయి. చేత్తో పట్టుకోవాల్సి వస్తే ట్రిగ్గరుకు కాస్త ముందు, తూకం కుదిరే చోట పట్టుకునేది. అక్కడ ఒక్క వేలి మీద నిలబెట్టినా రైఫిలు అటూ ఇటూ వాలదు.

పేచీ అంతా కాల్చడంలో. ఏడాదికోసారి పరీక్ష పెడతారు. పది తూటాలు, వందకు అరవై రావాలి. వరసగా రెండుసార్లు తప్పితే రైఫిలు వెనక్కి తీసుకుని, గేటు పక్క గదిలో సందర్శకులకు పాసులు రాసే పనిలో కూర్చోబెడతారు. ఒకసారి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు మళ్లీ గోడ ఎక్కింది లేదు. పొట్టక్క ఏటా అరవై ఒకటి, అరవై మూడు అంటూ గట్టెక్కుతూ వచ్చి, నిరుడు యాభై రెండు దగ్గర ఆగిపోయింది. భుజం వంకాయ రంగుకు తిరిగి, వారం రోజులు జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

ఈసారి తప్పితే పాసుల గదే.

"ఆ గదిలో ఈగలు తోలడానికా నేను ఇటుకల తట్ట దించింది?" అంది ఇంట్లో.

భర్త దర్జీ. కుట్టుమిషను ఆపి, మెడలో టేపు సవరించుకున్నాడు. "అసలా తుపాకీ వెనక చెక్క నీకు ఎక్కడ ఆనుతుంది? చూపించు."

భుజానికి ఆనించే ఆ చెక్కను బట్ అంటారు. ఆమె చీపురు తీసుకుని చూపించింది. భుజం గుంటలో కాదు, దాన్ని దాటి చెయ్యి మొదలయ్యే చోట.

"అక్కడ పెడితే ఎముక విరగదూ? లోపలికి పెట్టుకోవచ్చుగా."

"లోపలికి పెడితే ట్రిగ్గరు దాకా వేలు అందదయ్యా. నీకు చెప్పినా అర్థం కాదులే."

"కొలతల సంగతి నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుందే?" అంటూ ఆమె మోచెయ్యి వంచి, మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలిచాడు. పన్నెండు అంగుళాలు. "ఇంతే పొడవు ఉండాలి. రేపు దాన్ని కొలుచుకురా."

మర్నాడు టేపు జేబులో పెట్టుకెళ్లి ట్రిగ్గరు నుంచి బట్ చివరిదాకా కొలిచింది. పదమూడున్నర. దర్జీకి ఒళ్లు మండిపోయింది. "అంగుళమున్నర పొడుగా! నేనలా చేతులు కుడితే చొక్కా తెచ్చి నా మొహాన కొడతారు. మీవాళ్లు ఏడేళ్లుగా ఎవడి చొక్కానో నీకు తొడిగి, సరిపోవట్లేదంటే నీ చెయ్యి బాగోలేదంటున్నారు."

ఇంతలో కొత్త ఇన్‌చార్జి అధికారి రంగంలోకి దిగాడు. మంచివాడు. చెడ్డవాళ్లతో పోట్లాడటం తేలిక, చిక్కంతా మంచివాళ్లతోనే. పరీక్షకు మూడు వారాల ముందు ఆమెను పిలిచి, కిలో బరువు తక్కువున్న పొట్టి తుపాకీ చేతిలో పెట్టాడు.

"చూడమ్మా, ఆడవాళ్ల కష్టం నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఉన్నారు. నువ్వు దీంతో కాల్చు. పైగా పది మార్కులు కలుపుతాను. ఎవరూ అడగరు."

ఆమె దాన్ని సాధనకు తీసుకెళ్లింది. మోయడానికి దూదిపింజలా ఉంది. మొదటి తూటాకే గాడిద తన్నినట్టు తన్నింది. పొట్టితనమంతా గొట్టంలోనే; బట్ మాత్రం అదే పదమూడున్నర. లోపల పేలేదీ అదే తూటా. తూటా విసురును సగం మింగేది తుపాకీ బరువే. బరువు తగ్గిస్తే ఆ మిగతాదంతా భుజమే మింగాలి. పైగా ముందువైపు బరువు లేక, ఊపిరి తీసినా గొట్టం ఊగింది. నలభై ఒకటి వచ్చింది. 'తేలికది ఇచ్చినా కాల్చలేకపోయింది' అని సాయంత్రానికి గేటు దాకా పాకింది. దయ చూపేవాడికి లెక్క తెలియకపోతే దెబ్బ తగిలేది ఎప్పుడూ దయ అందుకున్నవాళ్లకే.

ఆమె తిన్నగా ఆయుధాల గదికి వెళ్లి, ఆ తుపాకీని అక్కడ తుపాకులు బాగుచేసే మేస్త్రి బల్ల మీద పెట్టింది. "మేస్త్రిగారూ, ఇది మీరే ఉంచుకోండి. నా పాత రైఫిలు బట్ అంగుళమున్నర కోసివ్వండి."

"చెక్క కోస్తే నా పీక కోస్తారు తల్లీ. సర్కారు సొత్తు" అన్నాడాయన. అని కాసేపు ఆమె భుజం వంక చూశాడు. లేచి, అరల వెనక నుంచి ఒక పెట్టె ఈడ్చుకొచ్చి, మూత మీద దుమ్ము తుడిచాడు. లోపల ఏడు బట్లు. అదే కర్ర, చివర అదే ఇత్తడి పలక. పొడవే తక్కువ.

"ఇవేంటి?"

"పొట్టి బట్లు. రైఫిళ్లతో పాటే వచ్చాయి. ఏ చేతికి తగ్గది ఆ చేతికి బిగించమని పుస్తకంలోనే ఉంది."

"మరి ఏడేళ్ల నుంచీ నాకెందుకు చెప్పలేదు?"

మేస్త్రి పెట్టె మూత మళ్లీ తుడిచాడు. "ఎవరూ అడగరమ్మా. ఇరవై రెండేళ్లలో ఒక్కడొచ్చి 'నాకు పొట్టిది కావాలి' అన్న పాపాన పోలేదు. భుజం నల్లబడినా సరే, పొడుగుదే కావాలి. చివరికి ఈ పెట్టె సంగతే మర్చిపోయా."

అదీ అక్కడి ఆచారం. అరవైమంది కాపలాదార్లలో పొట్టి చేతులవాళ్లు ఇరవైమందైనా ఉంటారు. వాళ్లంతా ఏటా గాలి ఎక్కువైందనీ, తూటాలు పాతవనీ, ఎండ కళ్లలో పడిందనీ చెప్పుకుంటారు. ఒక చెక్కముక్క పేరుకు ముందు 'పొట్టి' అని ఉన్నందుకు మగతనం మొత్తం కుప్పకూలిపోతుందని భయం.

మేస్త్రి మర బిగించి ఇచ్చాడు. భుజం గుంటలో బట్ ఒదిగింది, వేలు ట్రిగ్గరు మీద కుదురుగా పడింది. కానీ గొట్టం ముందుకు తూలింది. వెనక చెక్క తగ్గింది కదా, తూకం రెండు వేళ్ల మేర ముందుకు జరిగింది. ఆమె అది చెప్పగానే మేస్త్రి బట్ చివర ఇత్తడి పలకలో చిన్న మూత తెరిచాడు. "ఈ గుంటలో ఇత్తడి నూనె సీసా, గొట్టం తుడిచే తాడు, దాని గుండు ఉండాలి. మీరంతా అవి తీసేసి సొంత సామాను పెట్టుకుంటారు. మన మీసాలాయన రైఫిల్లో దువ్వెన ఉంది. నీ పాత బట్‌లో ఏముందో చూడనా?"

"వద్దులెండి. పిన్నీసులే" అంది ఆమె నవ్వేస్తూ.

సీసా, గుండు వాటి చోటికి చేరాక తూకం మళ్లీ దాదాపు పాత చోటికొచ్చింది. ఆ మూడు వారాలూ డ్యూటీ దిగాక రోజూ అరగంట, తూటా లేకుండానే గురిపెట్టి ట్రిగ్గరు నొక్కడం సాధన చేసింది.

పరీక్షనాటి ఉదయం మీసాలాయన వరసలోంచి అరిచాడు. "పొట్టక్కా! పిల్లల తుపాకీ దొరికిందటగా?"

"దొరికింది తమ్ముడూ. ఇంకా ఆరున్నాయి. మోచెయ్యి ఇటివ్వు, టేపు నా దగ్గరే ఉంది."

వరసంతా గొల్లున నవ్వింది. మీసాలాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అధికారి నవ్వలేదు. మేస్త్రి పుస్తకం తెరిచి పేజీ చూపించాక గానీ ఒప్పుకోలేదు. "సరే. కానీ పూర్తి బరువు రైఫిలుతో అయితే పది మార్కులు కలపను. ఆలోచించుకో. ఆ తేలికదాంతో అయితే యాభై వస్తే చాలు నీకు. ఎందుకు ఊరికే మొండిపట్టు?"

"కలపమని నేను అడగలేదు సార్. వద్దని కాగితం మీద రాసివ్వనా?"

రాసిచ్చింది కూడా.

నేల మీద బోర్లా పడుకుంది. మొదటి తూటా పక్కకు పోయి నాలుగు మార్కులే వచ్చాయి. రెండోది ఐదు. వెనక ఎవరో సకిలించారు. ఆమె చెంపను చెక్కకు ఇంకాస్త ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపింది. ఎనిమిది. రైఫిలు తన్నింది, కానీ ఆ తన్ను ఎముకను కాక వీపంతటినీ వెనక్కి నెట్టింది. ఏడు, ఎనిమిది, ఆరు. అద్భుతమేమీ జరగలేదు, గురి మధ్యలో ఒక్కటీ తగల్లేదు. పదీ అయ్యాక మొత్తం అరవై ఆరు.

ఫలితాల రిజిస్టరు బల్ల మీదికి వచ్చింది. ఆమె సంతకానికి వంగి, ఆగిపోయింది. తన పేరు పక్కన అధికారి గుండ్రటి అక్షరాలు: 'ప్రత్యేక సౌకర్యంతో ఉత్తీర్ణత'.

"సౌకర్యమేంటి సార్?"

"అదేనమ్మా, పొట్టి బట్. మంచి ఉద్దేశంతోనే రాశాను. వచ్చే ఏడు కూడా నీకు పనికొస్తుంది."

"మీ నడుం బెల్టు ఎన్నో రంధ్రానికి పెట్టుకున్నారు సార్?"

అధికారి అప్రయత్నంగా కిందికి చూసుకున్నాడు.

"మీ నడుముకు సరిపోయే రంధ్రానికేగా? అది ప్రత్యేక సౌకర్యమా? ఈ మాట ఇక్కడుంటే, రేపు ఇంకో సారు వచ్చి ఆ సౌకర్యం తీసేశామంటాడు. నేను మళ్లీ పాసుల గది గుమ్మంలో ఉంటాను. కొట్టేయండి. లేదంటే ఈ అరవైమంది పేర్ల పక్కనా 'పొడుగు బట్ సౌకర్యంతో' అని రాయండి."

"ఏంటమ్మా ఆ గొంతు? నీ మేలు కోరి..."

"తెలుసు సార్. అందుకే ఇంత మెల్లగా చెబుతున్నా."

వెనక వరసలో ఇరవైమంది సంతకానికి నిలబడి ఉన్నారు. ఆమె బల్ల ముందు నుంచి జరగలేదు, కలం ముట్టుకోలేదు. మేస్త్రి పుస్తకాన్ని అదే పేజీ దగ్గర తెరిచి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. రెండు నిమిషాల తర్వాత అధికారి కలం తీసి, ఆ మాటల మీద గీత కొట్టి, 'ఉత్తీర్ణత' ఒక్కటీ ఉంచాడు. గీత పక్కన తన పొడి అక్షరాలు కూడా వేయించాకే ఆమె సంతకం పెట్టింది.

రెండు గంటల షిఫ్టుకు పది నిమిషాలే ఉంది. రైఫిలు వీపున బిగించుకుని గోడ మెట్లెక్కింది. భుజం నొప్పిగానే ఉంది. పది తూటాలు కాల్చిన భుజం నొప్పెట్టకుండా ఎలా ఉంటుంది? కాకపోతే ఈసారి నొప్పి కండలో ఉంది. చెయ్యి మాత్రం తల మీదికి హాయిగా లేస్తోంది. ఎండకు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ అవతలి చివరకేసి చూసి, నడక మొదలుపెట్టింది.