కెజియాకు పోసిన నీళ్లు

యేసమ్మ మంచిదని మా వాడలో అందరూ అంటారు. నేనూ అంటాను. మంచిదే. మంచితనం చేతిలో ఎంత ఘోరం జరుగుతుందో పక్కింట్లో ఉండి చూశాను కాబట్టి, ఆ మాట అనేటప్పుడు నాకు నోరు చేదవుతుంది.

మహేశ్వరం రోడ్డు మీద మాది చిన్న ఊరు. ఇక్కడ పుట్టిన పిల్లల్లో యేసమ్మ కాళ్ల మీద పడుకోనివాళ్లు తక్కువ. పసిపిల్లలకు లాల పోయడం ఆమె పని. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పిల్లను బోర్లా పడుకోబెట్టి, నువ్వుల నూనెతో ఒళ్లు పిసికి, సున్నిపిండి రుద్ది, కాగిన నీళ్లు పోస్తుంది. ముక్కు లాగుతుంది, తల వత్తుతుంది. చివర్లో రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు మీద చరుస్తుంది. అప్పుడు పిల్ల గుక్కపట్టి ఏడవాలి. ఏడవకపోతే ఆమె లెక్కలో అది స్నానమే కాదు.

"ఏడ్వని. ఏడిస్తేనే ఊపిరి విచ్చుకుంటది" అంటుంది.

ఆపైన సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చుట్టి తల్లి చేతికిస్తుంది. ఇక పిల్ల ఒకటే మొద్దునిద్ర. నెత్తి మీద నుంచి విమానం పోయినా లేవదు. విమానాశ్రయం పక్కన అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, ఫోన్‌లో చూసి నేర్చుకుంటాం లెమ్మన్నవాళ్లు కూడా, చివరికి కారు పంపి ఆమెనే పిలిపించుకుంటారు.

ఆమె కొడుకు ఇమ్మాన్యుయేల్ విమానాల్లో సామాను ఎక్కించే పని చేస్తాడు. కోడలు జెరూషా. పెళ్లయిన చాలా ఏళ్లకు వాళ్లకు పుట్టిన పిల్ల కెజియా. పుట్టడమే లోపంతో పుట్టింది. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరలు రావలసిన చోటికి రాలేదు. సిటీలో పిల్లల గుండె దవాఖానలో ఆపరేషన్ చేసి వాటిని కలిపారు. బతికిందనుకునేలోపు, కలిపిన చోటే సిరలు ఇరుకైపోవడం మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. రక్తం ముందుకు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపోయింది. పాలు తాగడానికే పిల్ల ఆయాసపడేది. కాస్త ఏడిస్తే చాలు, పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు అయ్యేవి.

ఆ సిరలను మళ్లీ వెడల్పు చేయడానికి ఒక సోమవారం ఖాయం చేశారు. డాక్టర్ ప్రియదర్శిని అత్తాకోడళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"సోమవారం దాకా పాపను గట్టిగా ఏడవనివ్వకండి. చలి తగలనివ్వద్దు, పొగ దగ్గరికి రానివ్వద్దు. బాగా ఏడిస్తే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. గుండె తట్టుకోలేదు."

యేసమ్మ తలూపింది. బస్సు దిగి నేరుగా మా గుమ్మంలో కూర్చుంది.

"ఏడ్వని పిల్ల ఎట్ల బతుకుతది మంజులా?" అని నన్నడిగింది.

డాక్టర్ చెప్పింది చెవిన పడింది కానీ తలకెక్కలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

జెరూషా పిల్లకు నీళ్లు పోయనివ్వలేదు. వెచ్చటి తడిగుడ్డతో తానే ఒళ్లు తుడిచేది. పిల్లను భుజం మీద వేసుకునే వండేది, నిలబడే తినేది. కెజియా మూతి ముడిస్తే చాలు, ఈమెకు ఊపిరి ఆగేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వాడంతా ఎగతాళి చేసింది. పైగా మా వాడలోనే శోభ ఒకతె ఉంది. ఆమెది నోరు కాదు, కత్తిపీట.

"ఊళ్లె పిల్లలందరికీ నీళ్లు పోస్తవ్. నీ మనవరాలి ఒంటికి మట్టి పట్టిందేంది యేసమ్మా?" అని చర్చి ముందు నలుగురిలో అడిగింది. యేసమ్మ ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చింది.

శనివారం మందు అయిపోయింది. ఒత్తిడి తగ్గించే ఆ మందు శంషాబాద్ దుకాణాల్లో దొరకదు, సిటీకి పోవాలి. ఇమ్మాన్యుయేల్ ఆపరేషన్ రోజు కోసం సెలవు దాచుకుని డ్యూటీకి పోయాడు. జెరూషా పిల్లను నిద్రపుచ్చి అత్తకు అప్పజెప్పింది.

"అత్తమ్మా, ఏడ్పియ్యకు. ఇంకేం అడుగ నిన్ను."

"నాకు చెప్తున్నవా బిడ్డా. పోయిరా."

కోడలు పోయిన కాసేపటికి కెజియా లేచింది. ముక్కులో గురగుర, డొక్కలెగరేస్తోంది. యేసమ్మ కఫం పట్టిందనుకుంది. ఎందరి పిల్లలనో తేటపరిచిన చేయి కదా, ఊరుకోలేదు. కోడలు వచ్చేలోపు మనవరాలిని మల్లెపువ్వులా చేసి చూపిద్దామని నీళ్లు కాచింది.

నేను గోడకు ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. పుట్టినప్పటి నుంచి కెజియాది పిల్లికూన గొంతు. అలాంటిది ఆరోజు గుక్కపట్టి ఏడ్చింది. గోడ మీంచి తొంగిచూస్తే, యేసమ్మ పిల్లను తలకిందులుగా పట్టుకుని ఉంది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఇన్నవా మంజులా? ఏడుపంటే గదీ. ఊపిరి విచ్చుకుంది."

"ఇన్న" అన్నాను. నాకూ సంతోషమే వేసింది.

కాసేపటికి సాంబ్రాణి వాసన వచ్చింది. ఏడుపు ఆగింది. లాల పోసిన పిల్ల ఏడుపు ఆపితే ఎవరైనా ఏమనుకుంటారు? నిద్రపోయిందనుకుంటారు. యేసమ్మా అదే అనుకుంది. గుడ్డలో చుట్టి ఊయలలో వేసి, ఈగలు వాలకుండా పైన చీర కప్పి, కీర్తన పాడుతూ ఊపింది.

మధ్యాహ్నం దాటాక జెరూషా వచ్చింది. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.

"సాంబ్రాణి ఏసినవా?"

"జరంత. నా అర్రలనే, పిల్ల దగ్గర కాదు" అని యేసమ్మ అబద్ధమాడింది. "పడుకుంది, లేపకు. ఎన్నడన్న గింత మంచిగ పడుకుందా? ఇగ నువ్వన్న కూసొని రెండు ముద్దలు తిను."

జెరూషా ఊయల వైపు చూసింది. గురగుర కూడా వినిపించడం లేదు. పిల్ల తేలిగ్గా ఊపిరి తీస్తోందనుకుంది. కూర్చుని అన్నం తిన్నది. పిల్ల పుట్టాక ఆమె కూర్చుని కడుపునిండా తిన్నది ఆ ఒక్కపూటే. పప్పు బాగుందని కూడా అంది. చేయి కడుక్కుని, మందు సీసా తీసుకుని వెళ్లి చీర తొలగించింది.

ఆమె అరవలేదు. చుక్కలు లెక్కపెట్టి పిల్ల నోట్లో వేసింది. అవి పెదవి పక్క నుంచి కారి మెడ మీదికి వచ్చాయి. తుడిచి మళ్లీ వేసింది. నేను వెళ్లేసరికి సీసా సగం ఖాళీ అయింది. యేసమ్మ తలుపు పట్టుకుని, "ఏడ్చింది బిడ్డా, మంచిగ ఏడ్చింది" అని చెబుతూనే ఉంది.

మరునాడు పెట్టెలో పెట్టేముందు పిల్లకు నీళ్లు పోయాలి. ఆడవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇమ్మాన్యుయేల్ తల్లి వైపు తిరగడం లేదు. ఆమె వసారా మూలన ముడుచుకుని కూర్చుంది. శోభ కొంగు నడుముకు దోపుకుని లేచింది. మాటకు ముందున్నట్టే సాయానికీ ముందుంటుంది, ఏమనగలం.

"నువ్ కూసో అక్కా" అంది జెరూషా. "అత్తమ్మ పోస్తది."

జెరూషాయే పీట తెచ్చి వేసింది. బకెట్‌తో నీళ్లు తెచ్చింది. పిల్లను తెచ్చి యేసమ్మ చేతుల్లో పెట్టింది.

"నీళ్లు పొయ్యి అత్తమ్మా. ఇగ నువ్వు ఎంత చరిచినా ఏడ్వది."

యేసమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పిల్లను పడుకోబెట్టుకుంది. అలవాటుకొద్దీ బకెట్‌లో మోచేయి ముంచి చూసింది.

"సల్లగున్నయి బిడ్డా. జర వేన్నీళ్లు కలుపు" అంది.

జెరూషా కలపలేదు. యేసమ్మ కెజియా కళ్లలో పడకుండా నుదుటికి అరచేయి అడ్డం పెట్టి, ఆ చన్నీళ్లే పోసింది.