తీగ నిద్ర

కళనూ సైన్సునూ కలిపి చూపే ఓ బెంగళూరు మ్యూజియంలో పాపక్క కాపలా కాసేది ఒక తమలపాకు తీగకు. ఆకును తాకితే, తీగకు తగిలించిన వైర్ల గుండా స్పీకర్లో రాగం పలుకుతుంది. పగలంతా "మెల్లిగా తాకండప్పా" అంటుంది. చీకటి పడితే మాత్రం, మ్యూజియం ఇంకా తెరిచే ఉన్నా, కొంగు దోపుకుని అడ్డంగా నిలబడుతుంది. "పొద్దు గూకినాక చెట్టును తాకరాదప్పా, నిద్రపోతాంటాది."

ప్రదర్శన చివరి రోజు చీకటి పడ్డాక, ఊరి చివర హెబ్బగోడి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఒకమ్మాయి యూనిఫాంతోనే రొప్పుతూ వచ్చింది. "ఈ రోజే ఆఖరంట కదక్కా?"

పాపక్క అడ్డు తప్పుకుంది. తర్వాత తీగ మీదికి వంగి గుసగుసలాడింది. "తల్లీ, ఒక్కసారి లేమ్మా. దూరంనించి బిడ్డ వచ్చుండాది."

అమ్మాయి వేలు తగలగానే సన్నని రాగం లేచింది, ఆగింది. పాపక్క లైటు ఆర్పి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. అది చూసి ఆ అమ్మాయీ విడిచింది. ఇద్దరూ చప్పుడు కాకుండా బయటికి నడిచారు.